గుర్తు ఎందుకు మారుతుంది మాస్టారూ?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది గుంటూరు, సంగడిగుంట. నేను ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బ్లౌజులు కుడతాను. మావారు మిర్చి యార్డులో గుమాస్తా. మా పెద్దమ్మాయి ఎనిమిదో తరగతి, ఇంగ్లిష్ మీడియం. మొన్నటిదాకా లెక్కల గురించి దానితో బెంగ లేదు. ఈ సమీకరణాలు మొదలయ్యాక పుస్తకం తియ్యడమే మానేసింది. టెస్టులో 3ఎక్స్ = 12 అని ఇస్తే ఎక్స్ = 9 అని రాసింది. ఎందుకే అంటే "3 అటు వెళ్తే మైనస్ అవుతుంది కదమ్మా" అంటుంది. అది తప్పని టీచర్ కొట్టేశాక, అలాంటి లెక్కకే మళ్ళీ మైనస్ 4 అని రాసింది. "భాగించాలంట, గుర్తు కూడా మారాలి కదా" అంటుంది. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. పక్షాంతరం అనడం గుర్తుంది కానీ గుర్తు ఎందుకు మారుతుందో అప్పట్లో నాకూ తెలియలేదు. బ్రాడీపేటలో ట్యూషన్‌కి నెలకు 1,500 అడుగుతున్నారు. చేర్పించమంటారా? నేనే చెప్పుకోగలనా? టెన్షన్‌గా ఉంది.
— ఒక తల్లి, గుంటూరు

సమాధానం: అమ్మా, ట్యూషన్ మాట కాసేపు పక్కన పెడదాం. ముందు మీ అమ్మాయి చేసిన రెండు తప్పుల్నీ నిదానంగా చూడండి. అవి అజాగ్రత్తతోనో బద్ధకంతోనో చేసిన తప్పులు కావు. "అటు వెళ్తే గుర్తు మారుతుంది" అని విన్నదాన్ని అక్షరాలా పాటించింది. 3 అటు వెళ్ళింది కాబట్టి 12లోంచి 3 తీసేసింది. తప్పన్నారు. సరే, భాగించాలి కాబోలని భాగించి, పాత నియమాన్ని కూడా వదలకుండా ముందు మైనస్ తగిలించింది. చెప్పినట్టు చేసే పిల్లలే ఇక్కడ ఎక్కువగా తప్పుతారు. ఆ నియమం ఎప్పుడు వర్తిస్తుందో, ఎందుకు వర్తిస్తుందో వాళ్ళకు చెప్పి ఉండరు.

అసలు సంగతి ఏమిటంటే, సమీకరణంలో ఏదీ ఎటూ వెళ్ళదు. రెండు వైపులా ఒకే పని చేస్తాం, అంతే. ఈ ఒక్కటి పట్టుబడితే ఎనిమిదో తరగతి సమీకరణాల్లో సగం భయం పోతుంది. దాన్ని ఎలా పట్టించాలో చెప్తాను. మీరు బీజగణితం మర్చిపోయినా ఫరవాలేదు. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు వస్తే చాలు. రోజూ కొలతలు రాసుకుని గుడ్డ లెక్క కట్టే మీకు అవి రావని నేననుకోను.

నేను ఇక్కడ ఎక్స్ బదులు "క" అని రాస్తాను. అక్షరం ఏదైనా ఒకటే అన్న సంగతి కూడా పాపకు తెలియాలి. కొందరు పిల్లలు ఎక్స్ ఉంటే చేస్తారు, అదే లెక్కలో వై పెడితే "ఇది మాకు చెప్పలేదు" అంటారు. క అన్నది ఒక సంఖ్య. అది ఎంతో మనకింకా తెలియదు, అందుకని పేరు పెట్టి పిలుస్తున్నాం. ఒకవేళ వాళ్ళ పుస్తకం ఇంగ్లిష్‌లో ఉందని మీరు వెనకాడుతుంటే, మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు ఈ మధ్య ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగుతో వస్తున్నాయి. ఎనిమిదో తరగతి లెక్కల పుస్తకం ఒకటి సంపాదించండి. ఏక చరరాశిలో రేఖీయ సమీకరణాలు అన్న పాఠం తియ్యండి. ఇంగ్లిష్ పేజీ పాప చదువుతుంది, తెలుగు పేజీ మీరు చదవండి.

మొదట ఒక చిన్న పరీక్ష. పరీక్ష అని చెప్పకండి. కాగితం మీద ఇలా రాసి, గడిలో ఎంత వస్తుందో అడగండి.

8 + 4 = ☐ + 5

12 అంటే కంగారు పడొద్దు, చాలామంది పిల్లలు అదే అంటారు. కొందరు అన్నీ కలిపేసి 17 అంటారు. రావలసింది 7. ఎందుకంటే ఎడమ వైపు 12 ఉంది, కుడి వైపు కూడా 12 అవ్వాలి. పాప 12 అని రాస్తే, దాని కళ్ళకు ఆ రెండు గీతలు "ఇక్కడ జవాబు రాయి" అన్నట్టు కనబడుతున్నాయన్నమాట. ఒకటో తరగతి నుంచీ 3 + 2 = అని ఇచ్చి పక్కన ఖాళీ వదులుతూ వచ్చాం, క్యాలిక్యులేటర్‌లో కూడా ఆ బటన్ నొక్కితే జవాబు వస్తుంది, పాపం వాళ్ళు మాత్రం ఏమనుకుంటారు? ఆ గుర్తును మొదట వాడినాయన రాబర్ట్ రికార్డ్ అనే వెల్ష్ పండితుడు. 1557లో అచ్చయిన తన పుస్తకంలో, ప్రతిసారీ సమానం సమానం అని రాయలేక, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతలు గీశాడు. వీటికంటే సమానమైన రెండు వస్తువులు ఉండవన్నది ఆయన చెప్పుకున్న కారణం. ఈ ముచ్చట పాపకు చెప్పండి, గుర్తుంటుంది. తర్వాత ఇలాంటివి మరికొన్ని ఇవ్వండి: 9 + 6 = ☐ + 10, 20 − ☐ = 7 + 8. రెండు వైపులా చూసే అలవాటు వచ్చేదాకా అక్షరాల జోలికి పోవద్దు.

ఇక సమీకరణం. పుస్తకంలో ఇచ్చినవి విప్పే ముందు, సమీకరణాలు పాపతోనే తయారు చేయించండి. మనసులో ఒక సంఖ్య అనుకోమనండి. 5 అనుకుందనుకోండి. దాన్ని 3తో గుణించమనండి, 15. దానికి 4 కలపమనండి, 19. ఇప్పుడు ఆ 5ని దాచేసి దాని చోట క పెట్టి రాయమనండి.

3క + 4 = 19

ఇది ఎక్కడి నుంచో ఊడిపడింది కాదు, తన చేత్తో తను చేసింది. క మీద ఏయే పనులు, ఏ వరసలో జరిగాయో దానికి తెలుసు: ముందు 3తో గుణకారం, తర్వాత 4 కూడిక. మళ్ళీ క దగ్గరికి వెళ్ళాలంటే చివర చేసిన పనిని ముందు విప్పాలి. ఇది మీకు నేను చెప్పక్కర్లేదు. బ్లౌజు ఆల్టరేషన్‌కి వస్తే చివర వేసిన కుట్టేగా మీరు ముందు విప్పేది. కాబట్టి ముందు 4 తీసెయ్యాలి, తర్వాత 3తో భాగించాలి. రెండు వైపులా.

3క + 4 = 19
3క + 4 − 4 = 19 − 4
3క = 15
3క ÷ 3 = 15 ÷ 3
క = 5

రెండో వరస చూడండి. ఎడమ వైపు +4, −4 కలిసి సున్నా అయిపోయాయి. కుడి వైపు మాత్రం −4 మిగిలింది. ఇప్పుడు ఆ రెండో వరసను చేత్తో మూసి, మొదటి వరస నుంచి మూడో వరసకు చదవండి. ఎడమ వైపు ఉన్న +4 కనబడకుండా పోయి, కుడి వైపు −4 అయి తేలినట్టు లేదూ? పక్షాంతరం అంటే ఇదే. మధ్యలో ఒక వరస రాయకుండా వదిలేస్తున్నాం కాబట్టి 4 గోడ దూకి వేషం మార్చుకున్నట్టు కనిపిస్తుంది. మీ టీచర్లు చెప్పింది అబద్ధం కాదు, పిల్లలకు ఇప్పుడు చెప్తున్నదీ అబద్ధం కాదు. అది అడ్డదారి. అసలు దారిలో కొన్నాళ్ళు నడిచినవాళ్ళకు అడ్డదారి చూపిస్తే బాగుంటుంది, ముందే చూపిస్తే దారి తప్పుతారు. సిలబస్ తరుముతుంటే మేం టీచర్లం చాలాసార్లు ముందే చూపించేస్తాం.

అందుకని కొన్నాళ్ళపాటు మీ ఇంట్లో "అటు వెళ్తుంది", "ఇటు వస్తుంది" అన్న మాటలు బంద్ చెయ్యండి. దాని బదులు "రెండు వైపులా 4 తీసేశాను", "రెండు వైపులా 3తో భాగించాను" అని పైకి చెప్తూ చెయ్యాలి. మీరు మిషన్ దగ్గర పని చేసుకుంటూనే వినొచ్చు. రోజుకు ఓ ఇరవై నిమిషాలు చాలు, ఆదివారం వదిలెయ్యండి.

ఇక ఆ 3క = 12 సంగతి. పాపను ఒక్కటే అడగండి: "ఇక్కడ 3కీ కకీ మధ్య ఏముంది?" కనబడేది ఏమీ లేదు. గుణకారం గుర్తు ఉంది, రాయలేదు. పిల్లలు జారేది సరిగ్గా ఇక్కడే. క = 4 అయితే 3క ఎంత అని అడిగి చూడండి. 34 అనే పిల్లలు ఉన్నారు. వాళ్ళను చూసి నవ్వకూడదు, 3 పక్కన 4 రాస్తే 34 అని మనమే కదా నేర్పాం. 3క అంటే 3 × క. అది గుణకారం కాబట్టి విప్పాలంటే భాగించాలి. రెండు వైపులా 3తో భాగిస్తే క = 4. ఇందులో తీసివేత ఎక్కడా రాలేదు కాబట్టి మైనస్ వచ్చే ప్రసక్తే లేదు. కూడికను విప్పేది తీసివేత, తీసివేతను విప్పేది కూడిక. గుణకారాన్ని విప్పేది భాగహారం, భాగహారాన్ని విప్పేది గుణకారం. "గుర్తు మారడం" అని మనం అనేది మొదటి జతకు సంబంధించిన మాట. దాన్ని రెండో జత మీద రుద్దితే మీ అమ్మాయి రాసిన మైనస్ 4 వస్తుంది.

మరి −3క = 12 అని ఇస్తే? ఇక్కడ కను గుణించింది మైనస్ 3. కాబట్టి రెండు వైపులా మైనస్ 3తోనే భాగించాలి, క = −4. ఈ లెక్కనీ 3క = 12నీ పక్కపక్కన రాయించి తేడా దానితోనే చెప్పించండి. విడివిడిగా ఇరవై లెక్కలు చేసినదానికంటే ఇలా జతగా పెట్టి చూసిన రెండు లెక్కలు ఎక్కువ పనిచేస్తాయి.

పాఠ్యపుస్తకాల్లో ఈ పాఠం దగ్గర త్రాసు బొమ్మ వేస్తారు. మొదట్లో మంచిదే. కానీ 3క + 10 = 4 అని ఇచ్చారనుకోండి, జవాబు −2 వస్తుంది, మైనస్ 2 కిలోల రాయిని త్రాసులో ఎలా వేస్తాం? పిల్లలు ఇక్కడ ఆగిపోతారు. అందుకే నాకు త్రాసు కంటే "చేసిన పనిని విప్పడం" అన్నదే ఇష్టం, మైనస్‌లు వచ్చినా అది చెడదు.

అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు ఇవాళే మొదలుపెట్టగలిగేది సరిచూసుకోవడం. క = 9 అని రాసిందా? మొదట ఇచ్చిన లెక్కలో క చోట 9 పెట్టమనండి. 3 × 9 = 27. కుడి వైపు 12 ఉంది. 27, 12 సమానమా? కాదని అదే చెప్తుంది. మీరు "తప్పు" అనాల్సిన అవసరం రాదు, టీచర్ ఎర్ర పెన్నుతో కొట్టేదాకా ఆగనక్కర్లేదు. మైనస్ 4 పెట్టినా అంతే: 3 × (−4) = −12, కాదు. 4 పెడితే 12, సరిపోయింది. లెక్కలన్నిటిలోనూ సమీకరణాలకు ఉన్న సుఖం ఇది. జవాబు సరైనదో కాదో వెనక పేజీ చూడకుండా, ఎవరినీ అడగకుండా తెలిసిపోతుంది. నోట్సులో ప్రతి లెక్క కింద ఒక వరస దీనికే వదలమనండి. ఒక హెచ్చరిక: మధ్యలో తను రాసుకున్న వరసలో కాదు, ప్రశ్నలో ఇచ్చిన మొదటి వరసలోనే పెట్టి చూడాలి. మధ్యలో తప్పు జరిగి ఉంటే ఆ వరసలో సరిపోయినట్టే కనిపిస్తుంది.

ఇంతవరకూ వచ్చాక మిగతావి అంత కష్టం కావు. రెండు వైపులా క ఉంటే పిల్లలు బెదురుతారు. 5క − 3 = 2క + 9 తీసుకోండి. క కూడా ఒక సంఖ్యే కాబట్టి 2కను రెండు వైపుల నుంచీ తీసెయ్యొచ్చు. 3క − 3 = 9 అవుతుంది. రెండు వైపులా 3 కలిపితే 3క = 12. క = 4. సరిచూస్తే అటు 17, ఇటు 17. బ్రాకెట్ ఉంటే బయట సంఖ్య లోపలున్న ప్రతిదాన్నీ గుణించాలి: 2(క + 3) అంటే 2క + 6, 2క + 3 కాదు. బ్రాకెట్ ముందు మైనస్ ఉంటే లోపల అన్నిటి గుర్తులూ మారతాయి: 10 − (క − 4) అంటే 10 − క + 4. ఈ రెండు చోట్లా మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలు కూడా జారతారు. అప్పుడప్పుడు క మాయమైపోయే లెక్కలూ తగులుతాయి. క + 3 = క + 5లో రెండు వైపులా క తీసేస్తే 3 = 5 మిగులుతుంది, అంటే ఏ సంఖ్యా పనికిరాదు. 2(క + 1) = 2క + 2లో ఏ సంఖ్య పెట్టినా సరిపోతుంది. ఇవి సరదాకి ఒకసారి చూపించి వదిలెయ్యండి.

భిన్నాల దగ్గర మాత్రం కాస్త ఆగాలి. దీనికి భాస్కరాచార్యుడు 1150లో రాసిన లీలావతిలోని తుమ్మెదల లెక్క కంటే మంచిది నాకు కనబడలేదు. ఒక తుమ్మెదల గుంపులో అయిదో వంతు కడిమి పువ్వు మీద వాలాయి. మూడో వంతు శిలీంధ్ర పుష్పం మీదికి పోయాయి. ఈ రెండు లెక్కల తేడాకు మూడింతలు కుటజ పుష్పం మీదికి వెళ్ళాయి. ఒక్కటి మిగిలి మొగలి, మల్లె వాసనల మధ్య అటూ ఇటూ తిరుగుతోంది. మొత్తం తుమ్మెదలెన్ని? గుంపును క అనుకుంటే ఇలా వస్తుంది.

క/5 + క/3 + 3(క/3 − క/5) + 1 = క

చూస్తేనే కళ్ళు తిరుగుతాయి కదా. 5కీ 3కీ క.సా.గు., అంటే ఆ రెండిటితోనూ శేషం లేకుండా భాగించగలిగే అతి చిన్న సంఖ్య, 15. రెండు వైపులా ఉన్న ప్రతి పదాన్నీ 15తో గుణించేస్తే భిన్నాలు మొత్తం పోతాయి.

3క + 5క + 3(5క − 3క) + 15 = 15క
14క + 15 = 15క
15 = క

సరిచూద్దాం. 15లో అయిదో వంతు 3, మూడో వంతు 5, తేడా 2, దానికి మూడింతలు 6, ఇంకొకటి. 3 + 5 + 6 + 1 = 15. ఇందులో నూటికి తొంభై మంది చేసే తప్పు ఆ ఒంటరి 1ని 15తో గుణించకపోవడం. భిన్నం లేదు కదా, దాన్నెందుకు ముట్టుకోవాలి అనుకుంటారు. రెండు వైపులా చేసే పని ప్రతి పదానికీ చెందాలి. 3క + 4 = 19లో ముందే 3తో భాగించాలని ఎవరికైనా ముచ్చటపడితే అక్కడా ఇదే గొడవ: 4ని కూడా భాగించాలి, క + 4/3 = 19/3. తప్పు కాదు కానీ అనవసరంగా భిన్నాలు కొనితెచ్చుకోవడం.

వాక్య సమస్యలకు మీ ఇల్లే పాఠ్యపుస్తకం. ఒకావిడకు 6 బ్లౌజులు కుట్టారు, చీర ఫాల్‌కి 80 రూపాయలు వేశారు, మొత్తం 1,880 తీసుకున్నారు. ఒక్క బ్లౌజు కూలి ఎంత? 6క + 80 = 1880. మీవారిని యార్డు లెక్క ఒకటి ఇమ్మనండి. ఒకే బరువున్న 4 మిర్చి టిక్కీలు (బస్తాలు) కాటా మీద 164 కిలోలు తూగాయి, ఒక్కో ఖాళీ గోతం 1 కిలో అనుకుందాం, ఒక్కో దానిలో మిర్చి ఎంత? 4(క + 1) = 164. దీన్ని రెండు రకాలుగా చెయ్యొచ్చు. బ్రాకెట్ విప్పి 4క + 4 = 164 అని పోవచ్చు. లేకపోతే ముందే 4తో భాగించి క + 1 = 41 అనొచ్చు. రెండూ 40 దగ్గరే తేలతాయి. ఇలా రెండు రకాలుగా ఒకే జవాబు వచ్చినప్పుడు పిల్లల మొహం చూడాలి.

క అంటే ఏమిటో మొదటి వరసలో రాయించడం మరవకండి. "క = బ్లౌజు" అని రాస్తే చాలదు, "క = ఒక్క బ్లౌజు కుట్టుకూలి, రూపాయల్లో" అని రాయాలి. "ఒక సంఖ్య కంటే 5 తక్కువ" అంటే క − 5. ఇంగ్లిష్ వాక్యంలో 5 ముందు కనబడేసరికి పిల్లలు 5 − క అని రాసేస్తారు. అందుకని లెక్కను ముందు తెలుగులో నోటితో చెప్పించండి, తర్వాత కాగితం మీద పెట్టమనండి. ఇంగ్లిష్ మీడియం అయినంత మాత్రాన ఆలోచన కూడా ఇంగ్లిష్‌లోనే సాగాలని ఎక్కడా లేదు.

ఊరికే ఒకటి. గుంటూరు నుంచి విజయవాడకు 35 కిలోమీటర్లు అనుకుందాం. గుంటూరులో ఒక బస్సు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, అదే సమయానికి విజయవాడలో ఇంకోటి 30 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా బయల్దేరాయి. క గంటల తర్వాత కలుస్తాయనుకుంటే 40క + 30క = 35, అరగంట. గుంటూరు నుంచి 20 కిలోమీటర్ల దగ్గర. అంటే ఇంచుమించు మంగళగిరిలో. ఈసారి అటు వెళ్ళినప్పుడు పాప బస్సు కిటికీలోంచి చూసి చెప్తుంది.

ఇక ట్యూషన్. దీన్నీ ఒక లెక్క చేసి పాపకే ఇవ్వండి. ఒక చోట చేరేటప్పుడు 1,000 కట్టించుకుని నెలకు 1,200 తీసుకుంటారు, ఇంకో చోట ముందు ఏమీ లేదు కానీ నెలకు 1,400. ఎన్ని నెలలకు రెండూ సమానం? 1000 + 1200క = 1400క. ఈ సమీకరణం తనంతట తను రాసి 5 అని తేల్చగలిగితే, ట్యూషన్ అవసరం లేదని దానంతట అదే రుజువు చేసినట్టు.

అది నా ఆశ. చేరిస్తే తప్పని మాత్రం అనను. అంతకు ముందు ఒకటి తేల్చుకోండి. పాపకు ఇవి ఇచ్చి చూడండి: 7 − 12, −3 − 5, (−4) × (−2), 2/3 + 1/4. వీటిలో రెండు మూడు తప్పితే దాని ఇబ్బంది సమీకరణాలు కాదు, వాటి వెనకున్న మైనస్ సంఖ్యలూ భిన్నాలూ. అప్పుడు ఎనిమిదో తరగతి ట్యూషన్‌లో కూర్చోబెట్టినా సమీకరణాలే చెప్తారు, అసలు జబ్బుకు మందు పడదు. ఆరు, ఏడు తరగతుల పుస్తకాల్లో ఆ పాఠాలు తీసి ఒక వారం పది రోజులు అవే చేయించండి. మైనస్‌లకు అప్పు లెక్క చెప్తే తొందరగా ఎక్కుతుంది: 7 రూపాయలుండి 12 ఇవ్వాల్సి వస్తే 5 అప్పు. ఇది నా సొంత తెలివి కాదు, బ్రహ్మగుప్తుడు 628లోనే ధనం, ఋణం అన్న పేర్లతో ఈ నియమాలు రాసిపెట్టాడు. ఇవన్నీ సరిగ్గా చేసి, పైన చెప్పినట్టు నెల రోజులు నడిచాక కూడా సమీకరణాలు రాకపోతే అప్పుడు ట్యూషన్‌లో చేర్పించండి. దూరం పోకుండా, పది మందికి మించకుండా ఉన్నచోట చూడండి. ముందు బడిలో లెక్కల టీచర్‌తో ఒకసారి మాట్లాడితే ఇంకా మంచిది. "మా అమ్మాయి గుణకారం ఉన్నచోట కూడా గుర్తు మారుస్తోంది టీచర్" అని ఇంత కచ్చితంగా చెప్పే తల్లి వస్తే ఏ టీచరైనా శ్రద్ధగా వింటారు.

పరీక్షలో ఎలా రాయాలంటారా, అడ్డదారిలో రాసినా మార్కులు వేస్తారు. అర్థమయ్యాక పక్షాంతరం చేసుకోనివ్వండి, ప్రతి వరసా విప్పి రాస్తూ కూర్చుంటే టైమ్ చాలదు. టీచర్ చెప్పిన పద్ధతి తప్పని మాత్రం పాప ముందు అనొద్దు.

ఈ వారానికి ఇవి చేయించండి. మొదటి అయిదూ ఒకే కూర్చోవడంలో, పక్కపక్కన రాసి చెయ్యాలి: 7క = 35, క + 7 = 35, క − 7 = 35, క/7 = 5, −7క = 35. ఒక్కోదానిలో క మీద ఏ పని జరిగిందో ముందు నోటితో చెప్పాకే పెన్ను పెట్టాలి. తర్వాత 4క − 9 = 11, 6క + 5 = 2క + 25, 3(క − 2) = 2(క + 1), క/2 + క/3 = 10. జవాబులు నేను ఇవ్వడం లేదు, సరిచూసుకుంటే అవే తెలుస్తాయి. ఆఖరుగా 9 − 2క = 15. ఇందులో రెండు వైపులా 9 తీసేశాక 2క = 6 అని రాస్తే అక్కడే ఆపండి. మిగిలింది 2క కాదు, −2క.